నిప్పు బయట, నీళ్లు లోపల

ఆ డబ్బా మీద బొమ్మ చూసినప్పటి నుంచి నాకు కోపం దిగలే. ఇప్పటికీ దిగలే.

గ్యాస్ గీజర్ డబ్బా అది. దాని మీద ఒకామె భుజాల నిండ సబ్బు నురుగుతోని, చెల్లె పెండ్లికి పోతున్నంత సంబురంగ నవ్వుతుంటది. ఆమె నెత్తి మీద జానెడు ఎత్తుల గీజర్. ఎనుక తలుపు మూసి ఉంటది. కిటికీ ఊసే లేదు. అదే డబ్బా లోపల చీమ కండ్లంత అక్షరాలతోని ఒక పుస్తకం ఉంటది. దీన్ని తానాల గదిల పెట్టరాదని అండ్ల ఒక మూలకు రాసి ఉంటది. అంటే బొమ్మ గీసినోడు, పుస్తకం రాసినోడు ఒకే కప్పు కింద కూసుండి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదన్నట్టు. లేకుంటే చూసుకొని నవ్వుకున్నరన్నట్టు. నేను కోతలు కోసేటోన్నని శాలిబండల పిల్లపిల్లకు ఎరుకే. కాని నా కోతలు విని ఇప్పటిదాక ఎవ్వరూ తానాల గదిల సోయి తప్పి పడలే.

మా ఇంట్ల ఈ లొల్లి అంత అమ్మ తానం కాడ మొదలైంది.

అమ్మకు మోకాళ్ల నొప్పులు, దానికి తోడు ఆయాసం. ఎండకాలం కూడ ఉడుకు నీళ్లే కావాలె. తెల్లారక ముందే లేస్తది, తానాల గదికి పోతది, గొళ్లెం పెడుతది. ఇంట్ల పురుగు లేకున్నా సరే, గొళ్లెం మాత్రం పడాలె. గోడ మీద పిల్లి చూస్తదని ఆమె ఫికర్. లోపల నీళ్ల చప్పుడు ఆగిందని తానం అయిపోయిందనుకుంటే పొరపాటే. ఆమె పీట మీద కూసొని, కండ్లు మూసుకొని, దేవుండ్ల పేర్లు ఒక్కొక్కటే మనసుల తలుసుకుంటది. దేవుండ్లు మనకు తక్కువ లేరు గద. అంతసేపు లోపల నుంచి ఉలుకు ఉండది, పలుకు ఉండది. అది మాకు అలవాటే. ఎవ్వరం తలుపు కొట్టం. ఈ ముక్క మీరు మనసుల పెట్టుకోవాలె. ఆ తలుపు ఎనుక అమ్మకు ఏమన్న అయితే, దేవుండ్లు తప్ప మా ఇంట్ల ఒక్కలకు కూడ తెలువది.

ఇగ ఆ గదికి ఒక కిటికీ ఉండేది. ఎనుక ఇంటోళ్లు మీదికి కట్టుకున్నప్పుడు వాళ్ల గోడ వచ్చి మా కిటికీకి ముద్దు పెట్టుకుంది. అప్పటి నుంచి అది పేరుకే కిటికీ. అమ్మ అండ్ల సబ్బు పెట్టుకుంటది.

ముందు మాకు రాగి హమాం ఉండేది. నడుమ గొట్టంల బొగ్గులు పోస్తే చుట్టూ నీళ్లు కాగుతయి. మా తాత కాలంల ఆ హమాం రాజేస్తే లేచే ఆవిరికి చార్మినార్ గడియారం ముల్లు మెత్తవడి కిందికి వంగేదని నేను చెప్తుంటా. ఈమాట నమ్మినోళ్లు ఉన్నరు, వాళ్ల పేర్లు చెప్పను. హమాం అడుగు కారవట్టింది. మాట్లు వేసే ముసలాయన దుకాణంల ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నరు. రాడ్డు పెడితే బకెట్ షాక్ కొట్టింది. కరెంటు గీజర్ అంటిరా, మా ఇంటి వైర్లు తాత జమానావి. ఇస్త్రీ పెట్టె పెడితే ఫ్యాను సలాం కొట్టుకుంట ఆగిపోతది.

"పక్కింటి వదినోళ్లు గ్యాస్‌ది పెట్టుకున్నరు," అన్నది మా ఇంటామె. "నల్ల తిప్పుడే, ఉడుకు నీళ్లు. ఈ ఇంట్ల నిన్ను రెండు చుట్లు తిప్పినా ఒక్క పని కాదు."

సరే అని శాలిబండ రోడ్డు మీద ఒక సేటు దుకాణానికి ఇద్దరం పోయినం.

"ట్యాంకి లేనిది చూపియ్యి సేట్," అన్నది ఆమె.

"ట్యాంకి లేకుంటే నీళ్లు యాడ ఉంటయి?" అని నేనడిగిన.

సేటు నా దిక్కు చూసిండు, బడికి కొత్తగ వచ్చిన పిల్లగాన్ని చూసినట్టు. "గొట్టంల ఉంటయి భాయ్. నీళ్లు ఉరుక్కుంట వస్తయి, ఉరుకుడులనే ఉడుకుతయి. నిమిషానికి ఆరు లీటర్లు. మీరు సబ్బు పూసుకునే లోపల్నే బకెట్ ఫుల్."

"మరి పొగ యాడికి పోతది?"

"పొగ ఉంటే గద పోనీకి! నీలి మంట భాయ్. నీలి మంటకు పొగ ఏంది? మీ ఇంట్ల వంట పొయ్యికి చిమ్నీ ఉందా?"

"లేదు."

"ఇన్నేండ్ల నుంచి వంట చేస్తలేరా? ఖైరియత్ ఉన్నరా లేదా?"

ఇగ నేనేమంట? నా నోరు మూయించినోడు పాతబస్తీల అప్పటిదాక పుట్టలే. ఆ దుకాణంల పుట్టిండు. ఇంతకూ ఆయన మమ్మల్ని అడిగింది ఒక్కటే ప్రశ్న. గదికి కిటికీ ఉందా అని కాదు. లోపల తానం చేసేది ముసలోళ్లా, ఆయాసం ఉన్నోళ్లా అని కాదు. "బాత్రూంల టైల్స్ ఏం రంగు మేడమ్? తెల్లది ఇయ్యాల్నా, గులాబీది ఇయ్యాల్నా?" ఇదీ ఆ పెద్దమనిషి అడిగింది! మా గదిల టైల్సే లేవు, షాబాదు బండలు. మా ఇంటామె గులాబీది అన్నది.

అమ్మ డబ్బా చూసి ఇంకో లొల్లి పెట్టింది. "ఆరు లీటర్లేనా? ఆరు లీటర్లు నా ముఖానికే చాలవు. ఇంత పైస పోసి చెంబు తెచ్చిండ్రా?" నిమిషానికి ఆరు లీటర్లని చెప్పి ఒప్పించేసరికి నా పానం పోయింది. ఫిట్టింగ్ మిస్త్రీ ఆదివారం వస్తనన్నడు.

శనివారం పొద్దుగాల, అమ్మ తానం చేసి దేవుని కాడ కూసున్నంక, పక్కింటి నుంచి తలుపు బాదుతున్న చప్పుడు వినవడ్డది. ఉరికిన. వదిన తానాల గదిల ఉన్నది, వాళ్లాయన బయట నుంచి పిలుస్తున్నడు. అన్నను నేను ఇన్నేండ్ల నుంచి చూస్తున్న, ఆయన గొంతు గట్ల పల్చబడుడు అప్పుడే విన్న. ఇద్దరం కలిసి భుజాలతోని గుద్దితే గొళ్లెం ఊడింది. వదిన కింద పడి ఉన్నది. నల్ల నుంచి ఉడుకు నీళ్లు కారుతనే ఉన్నయి. గోడ మీద గీజర్ లోపల నీలి మంట ఏం ఎరుగనట్టు మండుతనే ఉన్నది.

తువ్వాల కప్పి వాకిట్లకు మోసుకొచ్చినం. ఆరుబయట కొద్దిసేపటికి కండ్లు తెరిచింది, మళ్ల మూసింది. ఆలోపల్నే గల్లీ గల్లీ జమైంది, మా అమ్మ కూడ మోకాళ్లు పట్టుకుంట వచ్చింది. "గాలి సోకింది," అన్నది ఒకామె. ఆ ఒక్క మాట చాలు, అందరి నోట్ల అదే. ఒకామె నిమ్మకాయ తెచ్చింది. ఒకామె నెమలీకల కట్ట కోసం దర్గా దిక్కు ఉరికింది. ఒకాయన, రాత్రి కొబ్బరికాయ దిష్టి తీసిన తొవ్వల వదిన నడిచిందా అని పంచనామా మొదలు పెట్టిండు. నేను, అన్న కలిసి వదినను ఆటోల పడేసి దవాఖానకు కొట్టుకపోయినం.

డ్యూటీల ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. వదిన ముఖం చూసింది, అన్నను ఒక మాట అడిగింది. "గ్యాస్ గీజర్ బాత్రూంలనే ఉందా?"

"అవునమ్మా."

"కిటికీ?"

"ఉంది గని, చలి వస్తున్నదని బట్ట కుక్కినం."

డాక్టరమ్మకు కోపం వచ్చింది. ఆ కోపం నాకు మస్తు నచ్చింది, ఎందుకంటే అప్పటిదాక ఎవ్వలకూ రాలే. వదిన ముక్కుకు ఆక్సిజన్ పెట్టించుకుంటనే మాకు క్లాసు పీకింది. మూసిన గదిల మంట మండితే ఉన్న గాలిని అదే తినేస్తదట. గాలి తక్కువైనంక ఆ మంట నుంచే ఒక విషవాయువు వస్తదట, కార్బన్ మోనాక్సైడ్ అని. దానికి రంగు లేదట, వాసన లేదట. మనిషికి నిద్ర వచ్చినట్టే ఉంటదట. "ఇంకొంచెం సేపైతే మా కాడికి తెచ్చే పనే ఉండకపోవు," అన్నది.

"మా గల్లీల గాలి సోకిందంటున్నరమ్మా," అన్న మెల్లగ.

"సోకలేదు. దొరకలేదు. ఆమెకు గాలి దొరకలేదు," అన్నది.

మా ఇంట్ల ఆ గులాబీ డబ్బా, సబ్బు పెట్టుకునే ఆ గుడ్డి కిటికీ, ఆ పీట, ఉలుకు పలుకు లేకుంట కూసుండే అమ్మ. అన్నీ ఒక్కసారి కండ్ల ముందట తిరిగినయి.

ఇంటికొచ్చి చెప్పిన. ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం కలుపకుంట చెప్పిన. నా జిందగీల గంత శుద్ధంగ ఎప్పుడూ మాట్లాడలే.

మా ఇంటామె విన్నది. అమ్మ విన్నది. ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు.

"రంగు లేదా?" అన్నది మా ఇంటామె.

"లేదు."

"వాసన?"

"లేదు."

"కండ్లకు కనవడది, ముక్కుకు తెలువది. వచ్చి మనిషిని పడగొట్టి పోతది. అత్తమ్మా, మీ కొడుకు ఇంత పెద్దది ఇప్పటిదాక కోయలే!"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "బస్సు మూసీల ఈదిన కత కన్న ఇదే బాగుంది కొడకా."

ఆ కత సంగతి చెప్పాలె. నేను బస్సు డిపోల కంట్రోలర్‌ను. బస్సు రానప్పుడు జనానికి ఏదో ఒకటి చెప్పుడు నా కొలువు. ఒక వానకాలం, లేటైన బస్సు పురానాపూల్ మీద ట్రాఫిక్ చూసి విసుగొచ్చి, మూసీల దిగి ఈదుకుంట వస్తున్నదని చెప్పిన. జనం నవ్వుకుంట ఇంకో గంట నిలవడ్డరు. అది వేరు, ఇది వేరు! గంట నిలవెట్టనీకి చెప్పిన మాట, మనిషి పానం కాపాడనీకి చెప్పిన మాట ఒక్కటేనా? మా ఇంట్ల రెండింటిని ఒకే తక్కెడల వేసి తూచిండ్రు.

"గీజర్ బయట పెడుదం," అన్న. "వాకిట్ల గోడకు. పైపు ఒక్కటే లోపలికి వస్తది."

"బయట పెడితే పొద్దుగాలకు ఉంటదా?" అన్నది మా ఇంటామె. "పోయినేడు గోడకున్న నల్లనే ఇరగ్గొట్టుకపోయిండ్రు. దీంట్ల అయితే రాగి ఉంటదట. గులాబీది ఏరుకొని తెచ్చింది దొంగలకు చూపియ్యనీకా?"

"డబ్బా మీద చూడు బిడ్డా," అన్నది అమ్మ. "ఆమె లోపల్నే పెట్టుకున్నది గద. చదువుకున్నోళ్లు తప్పు బొమ్మ ఏస్తరా?"

చిన్న పుస్తకం తీసి ఆ వాక్యం చదివి వినిపించిన. "అండ్ల గట్లనే రాసుందా? నువ్వు చదువుతున్నవా, కలుపుతున్నవా?" అన్నది మా ఇంటామె. ఆమెకు ఇంగ్లీషు నా కన్న బాగనే వస్తది. పుస్తకం గుంజుకొని చూసింది. "వాళ్లు వాళ్ల భయానికి అన్నీ రాస్తరు. మందు సీసాల మీద రాయరా?" అని పక్కకు పెట్టింది.

గింత కోపం నాకు ఎన్నడూ రాలే. ఆసరా కోసం అన్న కాడికి పోయిన. ఆయన డాక్టరమ్మ మాట తన చెవులతోని విన్న మనిషి గద! వదిన ఇంటికొచ్చి పండుకొని ఉన్నది, చేతికి తాయెత్తు. గీజర్ తానాల గది గోడకే ఉన్నది. "కిటికీల బట్ట తీసేసిన తమ్మీ, ఇగ ఫికర్ లేదు," అన్నడు. పైనుంచి గొంతు తగ్గించి, "డాక్టరమ్మ చెప్పింది చెప్పింది గని, గాలి సంగతి కూడ చూసుకోవాలె గద," అన్నడు.

గాలి! గాలి దొరకక పడిపోయిన మనిషికి గాలి సోకిందని తాయెత్తు కడితిరి! ఒకే మాట అయ్యేసరికి ఎంత ముప్పు వచ్చింది! సోకిన గాలి మీద ఉన్న నమ్మకంల వీసమెత్తు, పీల్చే గాలి మీద లేకపాయె.

వాపస్ వచ్చి వాకిట్ల కూసున్న. పొద్దు గుంకుతున్నది. మిస్త్రీ తెల్లారితే వస్తడు. అమ్మ నా పక్కకొచ్చి మోకాళ్లు పట్టుకుంట కూసున్నది.

"ఏందిరా, గట్ల ముడుసుకున్నవ్?"

అప్పుడు నాలోపల ఉన్న అసలు మనిషి లేచిండు. మీకు సచ్చెం కావాల్నా? వద్దా? సరే.

"ఏం లేదమ్మా," అన్న. "వదినకు సోకింది ఎవరో తెలిసింది. చెప్పొద్దని నీ కాడ దాసిన."

అమ్మ మోకాళ్లు మర్సిపోయింది. "ఎవరు?"

"భిస్తీ."

తోలుసంచిల నీళ్లు మోసే భిస్తీలను అమ్మ చిన్నప్పుడు చూసిందట. కండ్లు పెద్దగ అయినయి. నేను మెల్లగ మొదలు పెట్టిన. పాత జమానాల ఒక నవాబు దేవిడీల తానాల గదికి నీళ్లు మోసే భిస్తీ ఉండె. ఒకనాడు చలి ఎక్కువుందని నవాబు తలుపులు, కిటికీలు అన్ని బంద్ పెట్టించి, లోపల నిప్పులు రాజేయించిండు. భిస్తీని లోపల్నే మర్సిపోయిండ్రు. అంతే. అప్పటి నుంచి ఆయన, నిప్పు నీళ్లు ఒకే గదిల ఉండి తలుపుకు గొళ్లెం పడితే చాలు, తోలుసంచి ఏసుకొని అక్కడికొస్తడు. సంచి దించి ఎదురుంగ ఉన్న మనిషి ఛాతీ మీద పెడుతడు. మనిషికి నిద్ర వచ్చినట్టే ఉంటది.

"రంగు?" అన్నది అమ్మ.

"లేదు."

"వాసన?"

"భిస్తీ దినాం తానం చేస్తడమ్మా, వాసన ఏడిది?"

అమ్మ తల ఊపింది. అవ్వే మాటలు! పొద్దున నవ్విన మాటలే! ఇప్పుడు గుటకలు మింగుకుంట వింటున్నది.

"మరి ఏం కావాలట ఆయనకు? కోడా? మలీద ముద్దలా?"

"ఏం వద్దట. నిప్పు బయట, నీళ్లు లోపల. గట్ల ఉన్న ఇంటి గడప తొక్కడట."

మా ఇంటామె వంటింటి గడప మీద నిలవడి మొత్తం విన్నది. "పొద్దుగాల డాక్టరమ్మ ఏందో చెప్పిందంటివి, ఇప్పుడు భిస్తీ అంటున్నవ్," అన్నది.

నేను నోరు తెరిచే లోపల అమ్మ అందుకున్నది. "డాక్టరమ్మకు ఏం ఎరుక? నిన్న మొన్న పుట్టిన పిల్ల. ఆమె భిస్తీని ఎప్పుడన్న చూసిందా?"

తెల్లారి మిస్త్రీ వచ్చి అలవాటుగ సామాను తానాల గదికి తీసుకపోబోతే అమ్మ గడపకు అడ్డం పీట వేసుకొని కూసున్నది. "బయట పెట్టు నాయనా. నిప్పు బయట." దొంగలు అని మిస్త్రీ కూడ అన్నడు. "దొంగలు గీజర్‌ను ఎత్తుకపోతరు, ఆయన మనిషిని ఎత్తుకపోతడు. ఏది నయం?" అన్నది. వాకిట్ల గోడకు, తానాల గదికి అవతలి దిక్కు, రేకు నీడ కింద గీజర్ కూసున్నది. దానికి ఇనుప జాలీ, జాలీకి తాళం. చిలుకను పెంచుకున్నట్టు గులాబీ గీజర్‌ను పెంచుకుంటున్నం.

ఆ పొద్దు మునిగే లోపల అన్న కూడ తన గీజర్ పీకి బయట పెట్టించిండు. డాక్టరమ్మ చెప్తే కదలలే, తాయెత్తు కడితే కదలలే. అమ్మ గోడ మీద నుంచి వదినతోని రెండు మాటలు చెప్పంగనే మిస్త్రీని రెక్క పట్టి గుంజుకపోయిండు. నాకు సంతోషం కావాలె గద? తల తిరిగేంత కోపం వచ్చింది. అంత కష్టపడి చదువుకున్న ఆ పిల్ల డాక్టరు మాటకు ఇంత విలువ లేకపాయె, ఒంటికి చెమట పట్టకుంట నేను అల్లిన భిస్తీకి ఇంత మర్యాద!

ఆ కోపం తీర్చుకోనీకి సేటు దుకాణానికి పోయిన. గల్లపెట్టె మీద అదే బొమ్మ, అదే ఆమె నవ్వుతున్నది.

"సేట్, ఆ డబ్బా తిప్పి పెట్టు. మనుషులు సస్తరు," అన్న.

"ఎందుకు భాయ్ గరం అవుతున్నవ్? ఇప్పుడు అందరు బయటనే పెట్టుకుంటున్నరు. పొడుగు పైపులు చాలుతనే లేవు." ముందుకు వంగి, గొంతు తగ్గించిండు. "మీకు ఎరుకనో లేదో, ఒక భిస్తీ తిరుగుతున్నడట. పచ్చ తలపాగ. మొఘల్‌పురల ఉంటడట. మా బీవీ సొంత చెల్లెలు కండ్లార చూసిందట."

పచ్చ తలపాగ నేను పెట్టలే. మొఘల్‌పురల ఇల్లు నేను ఇప్పియ్యలే. "అబద్ధం సేట్," అన్న. "భిస్తీ లేడు, గిస్తీ లేడు. అది విషవాయువు. రంగు ఉండది, వాసన ఉండది."

సేటు నా భుజం తట్టిండు. "అరే భాయ్, మీ కోతలు మాకు తెల్వదా?"

చలికాలం ముదిరినంక గీజర్ తన బుద్ధి చూపించింది. బయట గాలి కొట్టినప్పుడల్లా మంట ఆరుతది. ఒకనాడు తెల్లారుజామున అమ్మ నెత్తికి కుంకుడు రసం పోసుకొని ఉండంగ మంట ఆరింది. చల్లనీళ్లు ఒక్కసారి వీపు మీద పడ్డట్టున్నయి, గదిలకెళ్లి కేక వచ్చింది. నేను లైటర్ పట్టుకొని వాకిట్లకు ఉరికిన, తాళం చెవి కోసం మళ్ల లోపలికి ఉరికిన.

మా ఇంటామె చలికి ముడుసుకుంట తలుపు కాడికొచ్చింది. "ఇగ చాలు అత్తమ్మా! దినాం ఇదే లొల్లి. రేపే మిస్త్రీని పిలిచి లోపల పెట్టిస్త. ఆ భిస్తీ కత మీ కొడుకు అల్లిందని నాకు ఆనాడే ఎరుక."

తాళం చెవి పట్టుకొని గడప కాడ ఆగిన. ఇప్పుడు నేనేం చెప్పాలె? సచ్చెం చెప్తే కోత అంటరు. కోత బయట పడిపాయె. నా సంచిల ఇంకేం మిగల్లే.

లోపల నుంచి గొళ్లెం తీసిన చప్పుడు. తలుపు బెత్తెడు తెరుసుకున్నది, కుంకుడు నురుగు కారుతున్న ముఖం, మూసుకున్న కండ్లు.

"ఆడు అల్లిండో లేదో నాకు తెల్వది," అన్నది అమ్మ, వణుక్కుంట. "పక్కింటి పిల్ల పడ్డది మాత్రం నేను చూసిన. నిప్పు బయటనే ఉండాలె. ఓ కొడకా, ఏం గుటకలు మింగుతున్నవ్ ఆడ? ముట్టియ్యి తొందరగ, నా కండ్లు మండుతున్నయి!"

ముట్టించిన. టక్ టక్ టక్ అని కొట్టుకొని భగ్గుమన్నది. లోపల నీళ్ల చప్పుడు మొదలైంది, ఆగింది. దేవుండ్ల పేర్లు మొదలైనయని నాకు అర్థమైంది. నేను జాలీకి వీపు ఆనిచ్చి, గాలికి అడ్డంగ, ఆమె వచ్చేదాక ఆడనే నిలవడ్డ.

గొళ్లెం మాత్రం మళ్ల పెట్టుకున్నది.